కాఫీ గింజ – ఇంటి నిలువ



వడ్లను గరిసెలో పోసి ఏడాది నిలుపుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు. గాదె అడుగున వేపాకు పరచుట, కందులకు ఎఱ్ఱమన్ను పట్టించుట, చింతపండును ఉప్పుతో ముద్దచేసి కుండలో అణచుట, ఆవకాయ జాడీకి వాసెన కట్టుట – ఇవన్నియు మన పెద్దలు తరతరముల అనుభవముచే గ్రహించి మనకు విడిచిపోయిన ఉపాయములు. ఏ వస్తువు ఎట్లు చెడునో వారికి తెలియును. కనుకనే అది చెడకుండు మార్గమును వారే కనుగొనిరి.

కాఫీ మాత్రము మన వంటయింటికి ఆలస్యముగ వచ్చిన చుట్టము. నూఱు సంవత్సరముల క్రిందట తెలుగు పల్లెలలో ఉదయపు ఆహారము చద్దియన్నమో, గంజియో, మజ్జిగయో గాని కాఫీ కాదు. చూచుచుండగనే అది చద్దియన్నమును ప్రక్కకు నెట్టి పీట వేసికొని కూర్చున్నది. వచ్చిన చుట్టమును గౌరవించితిమి గాని దాని స్వభావమును తెలిసికొన లేదు. వడ్ల విషయమున ఎన్నో తరముల తెలివి కలవారమై యుండియు, కాఫీ విషయమున పొయ్యి ప్రక్కన డబ్బా పెట్టి, మూత సగము వేసి, నెల దినముల పిదప "ఈ పొడిలో సారము లేదు" అని అంగడివానిని నిందించుచున్నాము.

నేను నేడు చెప్పదలచిన విషయము చిన్నది: ఇంట కాఫీని చెడకుండ ఎట్లు నిలుపుకొనవలెను? కాని యీ చిన్న ప్రశ్న వెనుక మూడు శతాబ్దములకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రను తెలిసికొన్న యింటికి వేఱుగ నియమములను బోధింప నక్కఱలేదు.

మొదట ఒక పోలిక చెప్పెదను. కాఫీకి మూడు దశలు కలవు: పచ్చిగింజ, వేచినగింజ, పొడి. పచ్చిగింజ వడ్ల వంటిది. తేమ తగులకున్న ఏడాది వఱకు నిలుచును. వేచినగింజ పేలాల వంటిది. వేగినప్పుడు ఘుమఘుమలాడును గాని కొలది వారములకే మెత్తబడి వాసన కోలుపోవును. పొడి పిండి వంటిది. దానికి దినముల లెక్కయే గాని మాసముల లెక్క లేదు. వడ్లకును పిండికిని ఒకే ఆయువు కలదని మనలో నెవ్వరును అనుకొనరు. కాఫీ విషయమున మాత్రము అట్లు అనుకొనుచున్నాము. మనకు జరుగుచున్న నష్టమంతయు ఇందుండియే పుట్టినది.

ఇక చరిత్ర. కాఫీచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికాలోని ఇతియోపియా దేశము. దానిని సాగుచేసి వర్తకమునకు తెచ్చినవారు ఎఱ్ఱసముద్రమునకు ఆవలనున్న యెమెను దేశపు అరబ్బులు. వారి మోఖా రేవు నుండియే చాలకాలము లోకమంతటికి కాఫీ పోయెడిది. మొలకెత్తు గింజ దేశము దాటినచో తమ వర్తకము పోవునని వారు గింజలను ఉడికించియో వేచియో గాని అమ్మెడివారు కారని చెప్పుదురు. సుమారు 1670 ప్రాంతమున బాబా బుడన్ అను ఫకీరు మక్కా యాత్ర నుండి మరలివచ్చుచు ఏడు గింజలను దాచితెచ్చి, మైసూరు రాజ్యమున చిక్కమగళూరు దాపునగల చంద్రగిరి కొండలలో నాటెనని ఐతిహ్యము. ఆ కొండలకు నేటికిని బాబాబుడన్ గిరులని పేరు.

పిదప మలబారు తీరమునుండి కాఫీ మొక్కలను 1696లో డచ్చివారు జావా ద్వీపమునకు తీసికొనిపోయిరి. అవి వరదలో పోగా 1699లో మరల తెప్పించిరి. ఈ డచ్చివారు మన విశాఖ తీరమునకు క్రొత్తవారు కారు. భీమునిపట్టణమున 17వ శతాబ్దమునందే కోట కట్టి వర్తకము చేసిన కంపెనీ అదియే. జావా నుండి 1706లో ఒక కాఫీ మొక్క ఆంస్టర్‌డాము చేరెను. అక్కడి తోటనుండి 1714లో ఒక మొక్క ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీకి కానుకగ పోయెను. దూరదేశములకు కాఫీ ఇట్లు మొక్క రూపమున పోవుటలో ఒక విశేష మున్నది. కాఫీ విత్తనము వడ్లవలె మొండిది కాదు. సామాన్యముగ నిలువయుంచినచో కొలది మాసములకే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అనగా తన స్వదేశమునుండి కదలినది మొదలు కాఫీ కథ యంతయు కాలముతో పోటీయే.

రెండవ పాఠము నేర్పినది సముద్రము. తెరచాప ఓడల కాలమున మలబారు నుండి ఐరోపాకు కాఫీ ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి పోవలెను. అందుకు నెలల తరబడి కాలము పట్టెడిది. ఓడ అడుగున గోనెలలోనున్న పచ్చిగింజలు సముద్రపు తేమను త్రాగి ఉబ్బి, ఆకుపచ్చ రంగు పోయి, పసుపు డాలు తిరిగెడివి. పులుపు తగ్గి రుచియే మాఱెడిది. ఐరోపావారు ఆ రుచికే అలవాటుపడిరి. 1869లో సూయెజు కాలువ తెఱవబడుటచేతను, ఆవిరి ఓడలు వచ్చుటచేతను ప్రయాణము తగ్గెను. గింజ పచ్చగనే చేరసాగెను. అప్పుడు కొనువారు "ఇది మా పాత కాఫీ కాదు" అనిరి. అందుచే పడమటి తీరపు వర్తకులు వానకాలమున గింజలను గిడ్డంగులలో పలుచగ పరచి, తలుపులు తెఱచి, నైరుతి గాలి తగులనిచ్చి, ఆ మార్పునే బుద్ధిపూర్వకముగ తేసాగిరి. "మాన్సూన్డ్ మలబార్" అను పేరున అది నేటికిని విదేశములకు పోవుచున్నది.

ఈ వృత్తాంతమును నేను వినోదమునకై చెప్పుట లేదు. పచ్చిగింజ సైతము గాలిలోని తేమను పీల్చునని దీనివలన తెలియుచున్నది. తెలిసి, కొలత పెట్టి చేసినచోట అది ఒక విద్య. తెలియక మన యింటి గోనెసంచిలో జరిగినచోట అది బూజు.

ఇప్పుడు మన కొండలకు వత్తము. తెలుగుదేశమున కాఫీ మొదట నాటబడినది 1898లో. నాటి గోదావరి జిల్లా ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రోడీ అను ఆంగ్లేయ ఉద్యోగి దానిని ప్రవేశపెట్టెను. అక్కడనుండి పుల్లంగి, గూడెము ప్రాంతములకు ప్రాకెను. ఆ గూడెము కొండలే 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు పితూరీకి రంగస్థలమైనవి. 1920ల దశాబ్దమున జయపుర సంస్థానాధీశుల పూనికచే అనంతగిరి, అరకు భాగములకు కాఫీ వచ్చెనని చెప్పుదురు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. దళారులచేతను వడ్డీవ్యాపారులచేతను గిరిజనులు మోసపోకుండ వారి పంటను కొని, వారికి కావలసిన సరకులు అమ్ముట దాని ఉద్దేశము. కొండలలో కాఫీ సాగును పెంచు పనియు ఆ సంస్థకు చేరినది. 2022లో క్రొత్తగ ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి మొదలగు చోట్ల నేడు రెండు లక్షల ఎకరములకు మించి కాఫీ కలదు. 2018లో పారిసు నగరపు ప్రీ ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకము లభించినది. 2019లో "అరకు వ్యాలీ అరబికా" అను పేరునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఆ గింజకై కొండమీద జరుగు శ్రమను ఒక్కసారి తలపోయుడు. నాటిన మూడు నాలుగేండ్లకు గాని చెట్టు కాపునకు రాదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడ కావలెను. ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకును. వేసవి తొలివానకు మల్లెలవలె తెల్లని పూవు పూయును. కార్తీకము మొదలు మాఘము వఱకు పండిన కాయను పండినట్లు చేతితో ఏఱవలెను. ఒక కొమ్మలోని పండ్లన్నియు ఒకేసారి పండవు గనుక మరల మరల ఆ చెట్టుకడకే రావలెను. పిదప గుజ్జు తీసి, జిగురు పోవునట్లు నాననిచ్చి, కడిగి, ఎండబెట్టవలెను. పగలు తిరుగవేయుచు, రాత్రి మంచు పడకుండ కప్పుచు, గింజలో తేమ నూటికి 11 పాళ్లకు దిగునంతవఱకు కాపాడవలెను. అంతకు మించి తేమ యున్న బూజు పట్టును. మఱీ ఎండిన గింజ పెళుసై విఱుగును. గింజపై కాగితమువంటి పలుచని పొర యుండును. ఆ పొరతో నుంచినంత కాలము గింజకు అది గరిసె వంటిది.

ఇట్లు ఏడాదిపొడుగున కాపాడబడిన గింజ కనుమదారిని దిగి విశాఖపట్టణము చేరును. 1933లో రేవు తెఱవబడిన పిమ్మట ఈ పట్టణము పెరిగిన తీరు మీ రెఱుగుదురు. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ మొదట రేవులో ప్రవేశించెను. 1960ల దశాబ్దమున బైలదిల్లా ఇనుపరాతిని రేవునకు తెచ్చుటకై అరకు కొండలగుండ రైలుమార్గము వేసిరి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. అన్నియు బాగుగనే యున్నవి గాని, కాఫీకి మాత్రము ఈ తీరపు గాలి మిత్రము కాదు. ఉప్పు నీరగుట, అప్పడము మెత్తబడుట, ఇనుప గొళ్లెము తుప్పుపట్టుట తీరవాసులు నిత్యము చూచుచున్న విషయములే. ఉప్పును అప్పడమును చెఱచు తేమయే కాఫీని చెఱచును. ఇనుమును తినివేయు ప్రాణవాయువే కాఫీలోని నూనెను తినివేయును.

ఈ తుప్పు మాట కొంచెము వివరింపవలెను. గింజను వేచునప్పుడు దానిలో వందలకొలది సుగంధ పదార్థములు పుట్టును. నూనె పైకి వచ్చును. వానితోపాటు బొగ్గుపులుసు గాలి గింజలో నిండును. వేచిన తరువాత కొన్ని దినములవఱకు ఆ గాలి మెల్లమెల్లగ వెలికి వచ్చుచుండును. అది వచ్చుచున్నంతకాలము బయటి గాలిని కొంతవఱకు అడ్డగించును. అది తీఱిపోయిన పిదప ప్రాణవాయువు ప్రవేశించి, నూనెకు ముక్కవాసన పుట్టించును. సుగంధము ఎగిరిపోవును. గింజను పొడి చేసినచో గాలి తగులు భాగము ఎన్నో రెట్లు పెరుగును గనుక వారములలో జరుగవలసిన పని దినములలోనే జరిగిపోవును. ఇనుప దిమ్మె కంటె ఇనుపరజను త్వరగ తుప్పుపట్టునని కర్మాగారమున పనిచేయు ప్రతి కార్మికుడును చెప్పగలడు.

మన యిండ్లలో కాఫీ క్రొత్తగ వచ్చిన దినములలో ఆ యింటి యిల్లాండ్రకు ఈ శాస్త్రము తెలియదు. అయినను వారి పద్ధతి శాస్త్రమునకు సరిపడినది. వీశెల లెక్కను పచ్చిగింజలు కొని, ఎండలో కాచి, జాడీలో పోసి మూతకట్టెడివారు. రెండు మూడు దినములకు కావలసినంత మాత్రమే తీసి, ఇనుప మూకుడులో సన్నని సెగపై వేచెడివారు. చేటలో పోసి చెఱిగి, పొట్టు పోగొట్టి, చల్లారిన పిదప బల్లకు బిగించిన చేతిమరలో ఆ పూటకు కావలసినంత పొడి చేసెడివారు. ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి మరుగునీరు పోయగనే పొడి పొంగెడిది. ఆ పొంగు గింజలో మిగిలియున్న బొగ్గుపులుసు గాలి వలన వచ్చినది. పొంగినచో పొడి క్రొత్తది. పొంగక బురదవలె క్రుంగినచో పాతది. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఎవరైనను తమ యింట చేసి చూడవచ్చును.

ఆ పద్ధతి యేల పోయినది? సౌకర్యము వచ్చినది గనుక. వీధిలో మర వచ్చినది. అంగడిలో పొడి దొరకినది. ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. 1900లో అమెరికాలోని హిల్స్ బ్రదర్స్ అను వర్తకులు గాలి తీసివేసిన డబ్బాలలో కాఫీ నింపి అమ్మసాగిరి. 1938లో నెస్లే కంపెనీ నీటిలో కరగిపోవు నెస్‌కఫే పొడిని విడుదల చేసెను. బ్రెజిలు దేశమున అమ్ముడుపోక పేరుకొన్న కాఫీని నిలువచేయు ఉపాయము కావలసి వచ్చుటయే ఆ పొడికి మూలము. 1960ల దశాబ్దమున ఇటలీలో, లోపలి గాలిని వెలికి విడుచుచు బయటి గాలిని లోనికి రానీయని చిన్న కవాటముగల సంచి వచ్చినది. ఇవన్నియు గొప్ప ఉపాయములే. కాని యొక్క మాట గుర్తుంచుకొనవలెను. ఆ డబ్బా బలమంతయు దానిని తెఱచువఱకే. తెఱచిన క్షణమునుండి ఆ పొడి మన చేతిలోని పిండియే.

సౌకర్యముతోపాటు చికోరీయు వచ్చినది. అది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. దానిని వేచి పొడిచేసి కాఫీలో కలుపుదురు. 1806 మొదలు నెపోలియను ఆంగ్లేయుల వర్తకమును నిరోధించిన కాలమున ఫ్రాన్సులో కాఫీ కఱవై దీని వాడుక ప్రబలెను. మన దేశమున గుజరాతులో పండును. చిక్కదనమును నలుపును ఇచ్చును గనుక దానిని కోరువారు కలరు. వారి రుచిని నేను తప్పుపట్టను. కాని చికోరీ తేమను త్వరగ పీల్చి గడ్డకట్టును. కలిపిన పొడిలో నూటికి 51 పాళ్లకు తగ్గకుండ కాఫీ యుండవలెననియు, ఎంత కలిపిరో పొట్లముపై వ్రాయవలెననియు నిబంధన కలదు. పొట్లమును త్రిప్పి ఆ అంకెను చదువుట మన పని.

ఇక ఇంట చేయదగినది నాలుగు మాటలలో చెప్పెదను. వీలున్నవారు పచ్చిగింజయో వేచినగింజయో కొనుట మేలు. పొడియే కొనువారు వారము పదిదినములకు సరిపడునంత మాత్రమే కొనవలెను. బిగువుమూతగల, వెలుతురు చొరని చిన్న డబ్బా కావలెను. పెద్ద డబ్బాలో కొంచెము పొడి యున్నచో మిగిలిన చోటంతయు గాలియే. పాత పొడిపై క్రొత్త పొడి పోయరాదు. మాడిన నూనెలో క్రొత్త నూనె పోసినట్లగును. పొయ్యి దగ్గఱ గాని, ఇంగువ, కర్పూరము, అగరువత్తుల చెంత గాని ఉంచరాదు. కాఫీ పరుల వాసనను త్వరగ పట్టుకొనును. తడిచెంచా ముంచరాదు.

ఫ్రిజ్జులో పెట్టవచ్చునా యని పలువురు నన్ను అడుగుదురు. చల్లని నీరు పోసిన చెంబునకు బయట చెమ్మ పట్టుట చూచితిరి గదా. చల్లని డబ్బాను దినము రెండుమాఱులు తెఱచినచో ఆ చెమ్మయే పొడిపై పట్టును. తీరప్రాంతమున ఇది మఱింత అధికము. కనుక నిత్యము వాడు పొడిని అందు పెట్టుట మంచిది కాదు. ఎక్కువకాలము దాచవలసినచో గింజనే చిన్న చిన్న పొట్లములుగ గాలి చొరకుండ కట్టి మంచుగడ్డ అరలో ఉంచి, ఒక్కొక్కటిగ తీసి, చల్లదనము పోవునంతవఱకు విప్పక ఆగి, పిదప వాడవలెను. తీసినదానిని మరల లోపల పెట్టరాదు.

ఒక కప్పు కాఫీ రుచికై ఇంత ప్రసంగమా యని మీలో ఎవరైన అనవచ్చును. రుచి మాట అటుంచుడు. నా ఆలోచన వేఱు. తాజా కాఫీ రుచి యెఱిగిన యింటివారు గింజలో మంచిచెడ్డలు గుర్తింపగలరు. గుర్తింపగలవారు మంచిగింజకు మంచివెల యిత్తురు. ఆ వెలయే కనుమ నెక్కి పండునకు పండు ఏఱిన గిరిజన స్త్రీ చేతికి చేరవలెను. మన యింట నెలదినములు మూత తెఱచి పెట్టిన డబ్బాలో అరకు గింజయు, నాసిరకపు గింజయు, చికోరీ వేరును ఒకే రుచికి దిగిపోవును. అప్పుడు మంచిగింజ పండించిన వానికి కలుగు లాభమేమి? పారిసులోని న్యాయనిర్ణేతలు గుర్తించిన గుణమును నూఱు మైళ్ల లోపలనున్న విశాఖ వంటయిల్లు గుర్తింపలేకపోవుట మనకు గౌరవము కాదు.

వడ్లను కాపాడినవాడు రైతు శ్రమను కాపాడెనని మన పెద్దల భావము. అందుకే గింజ నేలపాలైన వారు సహింపలేరు. కాఫీ గింజయు ఒక రైతు గింజయే. దానికి నాలుగు తరముల తెలివి మాత్రమే మనకు కలదు. ఆ కొంచెమైనను మఱచిపోకుండ, మీ యిండ్లలో జాడీయు మూకుడును చేతిమరయు ఇంకను అటకమీద నున్నచో వానిని దింపించి, మనుమలకు ఒకసారి గింజ వేచి చూపుడని నా ప్రార్థన. పిమ్మట డబ్బా మూత బిగించుమని వారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు.